మిర్దిఫ్ ఇంట్లో ఓట్ల లెక్కింపు

మొన్న పంచాయతీ ఎన్నికల లెక్కింపు నాడు మా తమ్ముడి కొడుకు అరుగు మీద కూర్చుని సెల్‌ఫోన్‌లో ఫలితాలు చదువుతూ, మన వార్డులో ఓడిపోయినాయన రీకౌంటింగ్ అడిగాడట అత్తా, అని చెప్పాడు. వంటింట్లోంచి మా మరదలు, ఓడిపోయాక ఇంకా ఏం పట్టుదల, ఊరుకోవచ్చు కదా, అని విసుక్కుంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నా చేతులు ఆ మాట దగ్గర ఆగిపోయాయి. నోరు మెదపకుండా ఊరుకుంటే చాలు, తాను కోరుకున్నది తన చేతికి వచ్చే రోజు ఒకాయనకు వచ్చింది. ఆయన ఊరుకోలేదు. ఆ రోజు ఆయన పక్కన నిలబడి ఫోను పట్టుకున్నది నేనే. ఇంగ్లండు ఓట్ల గొడవ దుబాయ్‌లో నువ్వెలా చూశావని మా వాళ్లు నవ్వుతారు గనుక, మన వయసు వాళ్లైన మీకు చెబుతాను.

నేను దుబాయ్ వెళ్లింది 2002లో. మాది పాలకొల్లు పక్క. ఆ రోజుల్లో మా వైపు నుంచి నర్సింగు చదివిన ఆడపిల్లలు ఎంతమంది ఎడారి దేశాలకు వెళ్లారో మీకు తెలియంది కాదు. మొదట కరామాలో ఒక చిన్న క్లినిక్కులో పని, ఆ దగ్గరలోనే ఒక గదిలో మంచం. మంచానికీ మంచానికీ మధ్య ఒక గుడ్డ పరదా, అవతల ఒకామె డ్యూటీ దిగి గుర్రు పెడుతుంటే ఇవతల ఇంకొకామె ఫోను కార్డు గీకి ఇంటికి ఫోను చేసి ఏడుస్తుండేది. శుక్రవారం పొద్దున అందరం చీరలు కట్టుకుని చర్చిలో తెలుగు ఆరాధనకు వెళ్లేవాళ్లం. ఆ రెండు గంటలూ మా ఊళ్లోనే ఉన్నట్టుండేది. క్లినిక్కు మూతపడ్డాక, ఒక ఇంగ్లీషు కుటుంబంలో పెద్దాయనను చూసుకోవడానికి నర్సు కావాలంటే మిర్దిఫ్ వెళ్లాను. అప్పటికి అది కొత్తగా లేస్తున్న పేట, ఇళ్ల వెనకాల ఇంకా ఇసుకే ఉండేది.

ఇల్లు పెద్దాయన కూతురిది. ఆవిడను మేడం అనేదాన్ని, భవనాల నక్షాలు గీసే కంపెనీలో పని. నా వీసా ఆవిడ పేరు మీదే ఉండేది, అంటే ఆ దేశపు మాటలో ఆవిడే నా కఫీల్. పెద్దాయనకు భార్య పోయిన ఏడాదే పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట మాత్రం నెమ్మదిగా, స్పష్టంగా వచ్చేది. ఆయన వాళ్ల ఊళ్లో చాలా కాలం కౌంటీ కౌన్సిల్ సభ్యుడు. కౌంటీ అంటే మన జిల్లా, కౌన్సిల్ అంటే మన జిల్లా పరిషత్తు అనుకోండి, బళ్లూ రోడ్లూ ముసలివాళ్ల సంరక్షణా అన్నీ దాని కిందే. నాలుగేళ్లకొకసారి ఎన్నిక.

రోజూ పొద్దున నేను ఆయన కాలు ఎత్తించి దించుతూ వ్యాయామం చేయిస్తుంటే, నొప్పి తెలియకుండా ఉండడానికి ఆయన ఆ కౌంటీ ఎన్నికలు ఒక్కొక్కటే చెప్పుకొచ్చేవారు. తాతల నాడు పెద్ద భూస్వాములు పోటీ అన్నదే లేకుండా సభ్యులైపోయేవారట, పెట్టె తెరిచే పనే ఉండేది కాదట. తర్వాత పార్టీలు వచ్చాయి, రంగుల రిబ్బన్లు వచ్చాయి. ఈయనది నీలం రిబ్బను. ఒకసారి సరిహద్దులు మార్చి రాతిగని ఉన్న ఊరొకటి తెచ్చి ఈయన నియోజకవర్గంలో కలిపారట. గని కూలీలు నీలం వాళ్లకు ఓటేయరు, ఈయన పని అయిపోయిందని అందరూ అన్నారట. ఈయన ఆ ఊరి పిల్లలకు బడి బస్సు తెప్పించేదాకా కౌన్సిల్లో కూర్చోలేదు, నిలబడే మాట్లాడారట. అప్పటినుంచి ఆ ఊరు ఈయన్ను వదలలేదు. చివరికి జిల్లా అంతా గాలి తిరిగిన ఏడాది పసుపు రిబ్బను కట్టుకున్న ఒక రిటైరైన టీచరమ్మ చేతిలో ఓడిపోయారు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం కాలు నొప్పి అనేవారు. ఓటు అనే మాటే వినపడని ఊళ్లో, మా రాష్ట్రంలో ఎన్నికలు జరిగితే వేలికి సిరా చుక్క అయినా అంటని నేను, ఎవరిదో జిల్లా పరిషత్తు చరిత్ర కంఠతా పట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

2005లో ఆ సీటుకు, ఆ టీచరమ్మ మీదే, ఆయన కొడుకు నిలబడ్డాడు. కొడుకు ఒంటరివాడు, తండ్రి ఇంట్లోనే ఉంటూ విత్తనాల దుకాణం నడుపుకునేవాడు. నువ్వు ఆ సీటు మళ్లీ తేవాలిరా అని ఏళ్ల తరబడి వెంటపడింది పెద్దాయనే. అయితే ఈలోగా పక్షవాతం వచ్చింది, పెద్దాయన దుబాయ్ వచ్చి పడ్డారు, వచ్చినప్పటినుంచీ ఆయనకు ఇంటి మీదే ధ్యాస. ఆయన పడకగది కిటికీలోంచి చూస్తే చర్చి ఆవరణలో భార్య సమాధి కనిపిస్తుందట. ఆ కిటికీ పక్కన మంచం వేసుకుని పోవాలి, ఇంకేమీ అక్కర్లేదు అనేవారు. అక్కాతమ్ముళ్లు భోజనాల బల్ల దగ్గర ఫోనులోనే మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. కొడుకు ఓడిపోతే దుకాణం పక్కనే గనుక తండ్రిని తీసుకెళ్లి తానే చూసుకుంటాడు. గెలిస్తే వారంలో సగం రోజులు కౌన్సిల్ మీటింగులు, రోజంతా మనిషిని పెట్టుకునే తాహతు అతనికి లేదు, కాబట్టి ఆయన ఇక్కడే ఉంటారు. కావాలంటే నేను పోటీ మానేస్తాను నాన్నా అని కొడుకు అన్నాడు. మానేస్తే నా మొహం చూడకు అన్నారు పెద్దాయన.

ఇక నా సంగతి. ఆయన ఇంటికి వెళ్తే నా వీసా ఖలాస్. ఊళ్లో అమ్మానాన్నా, చదువుకుంటున్న తమ్ముడూ నా మీదే ఉన్నారు. కొడుకు గెలవాలి అనుకుంటే ఆయన ఆశ పోతుంది, ఓడాలి అనుకుంటే నా కూడు పోతుంది. ఆ ఏప్రిల్ నెలంతా ఆ ఇంట్లో ఎవరి కళ్లలోకి ఎవరూ సరిగ్గా చూడలేదు. మేడం ఆఫీసు నుంచి వచ్చి తండ్రి గదిలోకి వెళ్లేముందు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేది. పెద్దాయన ఒక రోజు ప్రచారం ఎలా సాగుతోందని కొడుకును ప్రశ్నలతో చంపేవారు, మర్నాడు ఏ మాటా అడగకుండా గోడవైపు తిరిగి పడుకునేవారు. వంట చేసే పిన్నిది అమలాపురం, ఆవిడ ఒక్కతే నిబ్బరంగా ఉండేది.

"ఆరు గెలవాలనుకుంటన్నారో ఓడాలనుకుంటన్నారో ఆరికే తెలవదు సిస్టరమ్మా, మజ్జిన నీకేం తెలుత్తాది? యల్లా, కానియ్, టీ తాగు" అనేది.

ఓట్లు గురువారం పడ్డాయి. అదే రోజు దేశమంతటికీ పెద్ద ఎన్నిక కూడా ఉంది, దాని ఫలితం టీవీలో వస్తుంటే పెద్దాయన ఆపేయమన్నారు. కౌంటీ లెక్కింపు శుక్రవారం. పొద్దున నేను ఆరాధనకు వెళ్లాను. ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు అందరూ ఏవేవో చెప్పారు, నాకు మాత్రం ఏమని అడగాలో తోచలేదు. చివరికి నీ చిత్తం ప్రభువా అని ఊరుకున్నాను. ఏ పక్కకీ ఒరగడం చేతకానప్పుడు మనందరం చేసే ప్రార్థనే అది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పెద్దాయనకు పిన్ని తెల్ల చొక్కా తొడిగించి హాల్లో కుర్చీలో కూర్చోబెట్టింది. అన్నం ముట్టలేదు. రక్తపోటు చూస్తే నాకు భయం వేసింది, మందు వేసి పక్కనే కూర్చున్నాను. కొడుకు మొదటిసారి ఫోను చేసినప్పుడు పెట్టెలు తెరుస్తున్నారని, రాతిగని ఊరి కాగితాలు ఎప్పటిలాగే మన వైపే కనిపిస్తున్నాయని చెప్పాడు. సరే అన్నారు పెద్దాయన. తర్వాత చాలా సేపు ఫోను మోగలేదు. మేడం రిసీవరు సరిగ్గా పెట్టి ఉందో లేదోనని మాటిమాటికీ ఎత్తి చూసేది, ఎత్తినప్పుడే ఫోను వస్తే ఎలా అని మళ్లీ తనే గాభరాపడి పెట్టేసేది.

రెండోసారి మోగినప్పుడు స్పీకరు పెట్టి, నేనే ఫోను ఆయన నోటి దగ్గర పట్టుకున్నాను. కొడుకు గొంతు నీరసంగా ఉంది. అతి కొద్ది ఓట్లతో వెనకబడ్డాడట. ఇంకా ప్రకటించలేదు, అభ్యర్థులను పక్కకు పిలిచి లెక్క చూపించి, ఒప్పుకుంటారా, మళ్లీ లెక్కపెట్టమంటారా అని అడిగారట. ఒప్పుకుంటే అంతే, తర్వాత ఎవరేమన్నా లాభం లేదు. నేను అలిసిపోయాను నాన్నా, వచ్చే నెల వచ్చి నిన్ను తీసుకెళ్తాను, కిటికీ పక్కన మంచం వేసే ఉంది, అన్నాడు.

మేడం ఏడుస్తూ తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "వదిలెయ్ నాన్నా, ఇంటికి వెళ్లిపోవచ్చు" అని మెల్లగా అంది. ఆయన కళ్లు మూసుకున్నారు. కొడుకు రెండుసార్లు నాన్నా, నాన్నా అని పిలిచాడు.

అప్పుడు ఆయన అడిగిన మాట ఇది. "గని ఊరి పెట్టె ఎప్పటిలాగే ఉందన్నావు కదా?"

ఉందన్నాడు కొడుకు.

"అయితే ఈ లెక్క కుదరదు. మన ఓట్ల కట్ట ఒకటి ఆవిడ బల్ల మీదికి పోయింది. కట్టలన్నీ విప్పి చూడమను."

కొడుకు ఏదో అనబోయాడు. వెళ్లు, వాళ్లు ప్రకటించేస్తారు, అని గద్దించి నన్ను ఫోను పెట్టేయమన్నారు. పెట్టేశాను. మేడం లేచి బాల్కనీలోకి వెళ్లిపోయింది. ఆయన ఎడమ చేత్తో నా చేయి పట్టుకుని వదల్లేదు. కట్ట పోయిందని తెలిసి ఎందుకు ఊరుకోలేకపోయారు సర్, అని తర్వాతెప్పుడో అడిగితే, ఆ ఓట్లు నావి కావు కదా సిస్టర్, నేను పారేయడానికి, అన్నారు. ఆ సాయంత్రం మాత్రం నాకు పని నిలుస్తుందేమోనన్న ఆశ ఒక పక్కా, నన్ను వదలని ఆయన చేయి ఒక పక్కా. పిన్ని టీ తెచ్చింది, చల్లారిపోయింది, తీసుకుపోయి మళ్లీ తెచ్చింది. దగ్గర్లోని మసీదులో మగ్రిబ్ బాంగు అయ్యాక ఫోను వచ్చింది.

ఆయన చెప్పినట్టే ఒక కట్ట అవతలి బల్ల మీద దొరికింది. కొడుకు గెలిచాడు. వెనకాల చప్పట్లు వినిపిస్తున్నాయి, కొడుకు మాత్రం ఏడుస్తున్నాడు. పెద్దాయన, సభ్యుడిగారికి నమస్కారం, అని నవ్వబోయారు, నోరు ఒక పక్కకే కదిలింది. నేను తువ్వాలు తెచ్చి మొహం తుడిచాను. ఆ తర్వాత ఇంకో ఫోను వచ్చింది. ఓడిపోయిన టీచరమ్మ. వీళ్లింటి ఒప్పందం ఊరంతటికీ తెలుసట, కట్టలు విప్పమన్నది ఎవరో కూడా అక్కడే తెలిసిపోయిందట. సీటు పోయినందుకు నాకు దిగులు లేదు, నువ్వు వస్తావని వారం నుంచి ఎదురు చూస్తున్నాను, మూర్ఖుడా, ఎందుకు నోరు విప్పావు, అని తిట్టింది ఆవిడ. ఆ రోజు మొత్తానికి ఆయన కంట నీళ్లు వచ్చింది ఆ తిట్టు విన్నాకే.

మర్నాడు పొద్దున కాలు ఎత్తమంటే ఎత్తారు. ఇంటి మాట మళ్లీ ఎత్తలేదు. కౌన్సిల్లో ఏం జరిగిందో వారం వారం కొడుకు చెబితే వినేవారు, బస్సుల సంగతి అడిగేవారు. మరుసటి చలికాలం ఒక ఉదయం నేను పరదా తీసేసరికి ఆయన పోయి ఉన్నారు. కొడుకు వచ్చాడు. ఈ వయసులో పెట్టెలో ప్రయాణాలు పెట్టవద్దు, ఎక్కడ పోతే అక్కడే, అని ఆయనే చెప్పి ఉంచారు గనుక అక్కడి క్రైస్తవుల శ్మశానంలోనే పెట్టాం. చుట్టూ ఇసుక, వరసగా తెల్లటి రాళ్లు. మేడం నా వీసా తీసేయలేదు, నన్ను ఒక ఆసుపత్రిలో చేర్పించేదాకా తన పేరు మీదే ఉంచింది. తమ్ముడి చదువు అలా పూర్తయింది.

తర్వాత కూడా కొన్ని శుక్రవారాలు ఆరాధన అయ్యాక ఆ సమాధి దగ్గరికి వెళ్లి, పిచ్చిదానిలా ఆయనకు కౌంటీ కబుర్లు చెప్పేదాన్ని. మేడం నాకు చెప్పినవే ఆయనకు చెప్పేదాన్ని. 2008లో నేను ఇక ఊరికి వచ్చేద్దామని సామాను సర్దుకుంటుంటే మేడం ఒక సంగతి చెప్పింది. వాళ్ల ప్రభుత్వం ఆ కౌంటీ కౌన్సిల్‌నే రద్దు చేసి జిల్లాను ముక్కలు చేస్తోందట, ఆ సీటూ ఆ సరిహద్దులూ ఏవీ ఉండవట, తన తమ్ముడిదే ఆఖరి పదవీకాలమట.

ఇప్పుడు ఎవరూ ఫలితం కోసం ఫోను పక్కన కూర్చోవడం లేదు, అది జేబులోకే వచ్చి పడుతోంది. ఆ మిర్దిఫ్‌లో ఇసుక కనిపించదని, మా కరామా గది ఉన్న భవనం కొట్టేశారని అక్కడి నుంచి వచ్చినవాళ్లు చెబుతారు. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల ఇంటికి ఫోను చేసి తిట్టే చనువు ఎక్కడైనా మిగిలిందో లేదో నాకు తెలియదు. కానీ దుబాయ్‌లో నా ఆఖరి శుక్రవారం ఆ సమాధి దగ్గర చాలా సేపు నిలబడ్డాను. అంతకుముందు ప్రతి కబురూ చెప్పినదాన్ని, కౌన్సిల్ పోతోందన్న ఆ ఒక్కటీ చెప్పడానికి నోరు రాలేదు. ఆయన లెక్కలో ఆ కుర్చీ ఇంకా కొడుకుదే, అలాగే ఉండనిచ్చి వచ్చేశాను.