లోపలి నుంచి వేసిన గడియ

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు, నా సర్వీసు చివరి దశలో, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఒక చిన్న సర్కారు దవాఖానకు హెడ్ నర్సుగా బదిలీ అయి వచ్చాను. దాని పేరు రాయను. జరిగిన తప్పు నాది, దవాఖానది కాదు. హెడ్ నర్సు అంటే మందుల రిజిస్టరు మొదలు కాన్పు గది శుభ్రత దాకా అన్నింటికీ జవాబుదారీ. నా గొంతు గేటు దాకా వినబడేది. సిస్టరమ్మ అరిస్తే బిడ్డ భయపడి తొందరగా బయటికొస్తదని ఆయాలు నవ్వుకునేవారు. నేను దాన్ని మెప్పుగానే తీసుకునేదాన్ని.

ఆ ఎండాకాలం ఒక ఉదయం, ఆదిభట్ల కంపెనీ బస్సులు పోయే వేళకు, మా గేటు ముందు ఆటోలోంచి ఇద్దరు ఆడవాళ్లు దిగారు. నొప్పులు పడుతున్నామెను సకీనా అంటాను, అసలు పేరు కాదు. వెంట వచ్చింది ఆమె ఆడబిడ్డ. బర్మాలో సైన్యం ఊళ్లు తగలబెడితే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చిన కుటుంబం. తుర్కయాంజాల్ దాటాక ఒక పాత సామాన్ల గోదాము పక్కన రేకుల షెడ్డులో ఉంటున్నారు. సకీనా భర్త కూలిపనికి పోయాడు. ఆడబిడ్డది వచ్చీరాని ఉర్దూ. మా ఆయా ఖాజాబీది మంచాల మండలంలోని ఒక పల్లె, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఆమే మాకు దుబాసీ అయింది. డాక్టరమ్మ ఆ రోజు వైద్య శిబిరానికి వెళ్లారు. చిక్కులేని కాన్పులు మామూలుగా మేమే చేసేవాళ్లం.

సకీనాను బల్ల మీద పడుకోబెట్టి, కడుపు మీద చిన్న యంత్రం ఆనించి బిడ్డ గుండె చప్పుడు విన్నాను. బాగానే ఉంది. తర్వాత గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుందో వేళ్లతో చూడాలి. పది సెంటీమీటర్లు అయితే బిడ్డ బయటికి వస్తుంది. ఆమె మోకాళ్లు దగ్గరికి బిగించుకుంది. ముప్పై ఏళ్లుగా చేస్తున్నట్టే చేశాను.

“చెరో కాలు గట్టిగ పట్టుండ్రి” అని ఆయాలకు చెప్పాను. కాన్పు గదిలో ఇలా కాళ్లు పట్టించడం ఏ పుస్తకంలోనూ లేదు. మా పెద్ద సిస్టర్లను చూసి మేము నేర్చుకున్నాం, మమ్మల్ని చూసి చిన్నవాళ్లు నేర్చుకున్నారు.

అంతదాకా అరుస్తున్న మనిషి చప్పున ఆగిపోయింది. ఒళ్లు కొయ్యబారింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడటం లేదు. అమ్మయ్య, మాట విన్నది అనుకున్నాను. ఎనిమిది సెంటీమీటర్లు అయింది. నేను గ్లవ్స్ తీస్తుండగా ఆమె బల్ల దిగి, పక్కనున్న బాత్రూంలోకి పోయి లోపలి నుంచి గడియ వేసుకుంది.

తలుపు బాదాను, పిలిచాను, అరిచాను. లోపలి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. బిడ్డ గుండె వినే దారి లేదు. నిలబడే కనేస్తే బిడ్డ తల గచ్చుకు కొట్టుకుంటుంది. కాన్పు తర్వాత నెత్తురు ఆగకపోతే తల్లి మన కళ్ల ముందే పోతుంది, ఇక్కడ కళ్ల ముందు కూడా లేదు. వాచ్‌మన్‌ను పిలిచాను. అతను గునపం పట్టుకొచ్చాడు, వెనకే అంబులెన్సు డ్రైవరు వచ్చాడు. తలుపు మీద ఒక్క దెబ్బ పడింది. లోపలి నుంచి ఒక శబ్దం వచ్చింది. నొప్పుల కేక ఎలా ఉంటుందో నాకు తెలుసు, అది కాదు.

ఆడబిడ్డ గునపానికి అడ్డంపడి ఏదో చెప్పింది. ఖాజాబీ ముఖం పాలిపోయింది.

“ఆపుండ్రి! సిస్టర్, ముందుగాల మగోళ్లను బయటికి తోలు” అంది. వాళ్లు గేటు దాకా పోయాక నా చెవిలో చెప్పింది. “ఆళ్ల ఊర్ల మిలిటరోళ్లు గిట్లనే తలుపు పగలగొట్టుకుని వచ్చిన్రట. సకీనాను కాళ్లు చేతులు ఒక్కొక్కడు ఒక్కటి పట్టి పాడుజేసిన్రట. ఈ ఆడబిడ్డ సుత గా ఇంట్లనే ఉండెనట.”

చెరో కాలు. గంట కూడా కాలేదు నేను ఆ మాట అని. తలుపు ముందు నేల మీద కూలబడ్డాను. పగలగొడితే ఆమె ఏమవుతుందో తెలియదు, ఆగితే బిడ్డ ఏమవుతుందో తెలియదు. నా ఉద్యోగం మొత్తంలో అంతగా ఎప్పుడూ భయపడలేదు.

“జర మెల్లగ మాట్లాడు, సిస్టర్” అంది ఖాజాబీ. మెల్లగా మాట్లాడటం నాకు నిజంగానే చేతకాదు. గొంతు తగ్గించుకుని చెప్పాను, ఇక్కడ ఆడవాళ్లమే ఉన్నామని, నిన్నెవరూ పట్టుకోరని, బల్ల ఎక్కనక్కర లేదని, నువ్వు సరే అనందే చెయ్యి వెయ్యనని, తప్పు నాదేనని. ఖాజాబీ దాన్ని ఉర్దూలో, ఆడబిడ్డ తమ భాషలో చెప్పారు. ఒక నొప్పి వచ్చి పోయింది. ఇంకొకటి వచ్చింది. మూడో నొప్పికి తలుపు కింద నుంచి ఎర్రటి నీళ్లు పారాయి. ఉమ్మనీరా, నెత్తురా? వాచ్‌మన్‌ను మళ్లీ పిలవబోయాను. ఖాజాబీ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు గడియ తీసిన చప్పుడైంది.

సకీనా గొంతుక్కూర్చుని ఉంది. బిడ్డ తల కనబడుతోంది. పట్టుకోనా అని అడిగించాను. ఆమె తలూపింది. గచ్చు మీద శుభ్రమైన దుప్పటి పరిచి, అక్కడే బిడ్డను అందుకున్నాను. ఆడపిల్ల. అది ఏడ్చేదాకా నా గుండె నా దగ్గర లేదు.

మరునాడు ఇంకెవరూ లేనప్పుడు ఖాజాబీతోనూ ఆడబిడ్డతోనూ సకీనాను అడిగించాను. మనసుకు వైద్యం చేసే లేడీ డాక్టరు దగ్గరికి పంపనా? బర్మాలో జరిగింది కేసు షీటులో రాయనా? డాక్టరు సంగతి తర్వాత చూస్తానంది. జరిగింది రాయొద్దంది. అడక్కుండా ఎవరూ తనను పట్టుకోవద్దని మాత్రం రాయమంది. తర్వాత వచ్చే సిస్టర్లకు కనబడేలా పై వరసలో ఎర్ర సిరాతో రాశాను.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా మా కాన్పు గదిలో ఎవరి కాళ్లూ పట్టించలేదు. ముట్టుకునే ముందు చెప్పడం, వద్దంటే ఆగడం ఆయాలకు నేర్పాను. దానికి పట్టే సమయం చాలా కొద్ది. అంతకు ముందు ముప్పై ఏళ్లలో నేను కాళ్లు పట్టించినప్పుడు, అలాగే చప్పున మౌనమైపోయిన వాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. ఏ సైన్యమూ రాని మన ఊళ్ల ఆడవాళ్లే. వాళ్లలో ఎవరినీ నేను ఏమీ అడగలేదు. వాళ్ల కేసు షీట్లలో “పరీక్షకు బాగా సహకరించింది” అని రాసి సంతకం చేశాను.