కొసరు ట్రాన్సిస్టర్ల రైలు

తాతగారి కిరాణా కొట్టులో, నాన్న బట్టల కొట్టులో పెరిగినవాణ్ణి. అంగడివాడు మొదట చూపించిన సరుకు కొనకూడదన్నది నేను నేర్చిన తొలి పాఠం. ఎందుకంటే మేమూ లాభం ఎక్కువున్నదే ముందు తీసేవాళ్ళం. పోయిన దసరాకు ఆ పాఠం నన్ను అల్వాల్‌లో మా ఇంటికీ రాణిగంజ్‌కూ మధ్య ఒకే రోజు రెండుసార్లు తిప్పింది.

మా ఆవిడది గోదావరి వైపు. ఏటా బొమ్మలకొలువు పెడుతుంది. ఈసారి కింది మెట్టు మీద బొమ్మ రైలు ఆ చివరికి వెళ్ళి, దానంతటదే తిరిగి వస్తుందని కాలనీలో ఆడవాళ్ళందరికీ చెప్పేసింది. సాయంత్రం అయిదింటికి వాళ్ళు పేరంటానికి వస్తారు. ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి ప్రోగ్రాం రాసిపెట్టి, మోటారును ఇటూ అటూ తిప్పే చిప్పు తెమ్మని పొద్దున నన్ను పంపింది.

రాణిగంజ్‌లో ఎలక్ట్రానిక్స్ కొట్టు పెద్దాయన సంగతి వినగానే గోరంత బోర్డొకటి గాజు బల్ల మీద పెట్టాడు.

“డ్రైవర్ చిప్పు. అన్నీ దీంట్లనే ఉంటయ్. తీస్కపో అన్నా.”

మొదట చూపించాడు కదా, నేను ముట్టుకోలేదు. ఆ పనే విడి ట్రాన్సిస్టర్లతోనూ అవుతుందని అమ్మాయి ఒకసారి అనగా విన్నాను. “విడిగ ట్రాన్సిస్టర్లు లేవా?”

“ఉన్నయ్. నాలుగు గావాలె. ముందుకు రెండు, వెనక్కి రెండు. గని మోటారు మొండికేస్తే ఎంత కరెంటు గుంజుతదో చూసినవా?”

“బొమ్మ రైలు పెద్దాయనా, కాజీపేటకు పోదు.”

“బొమ్మదైతేంది? గీ పెద్ద ట్రాన్సిస్టర్లన్న తీస్కో.”

ధర పెంచే దారి నాకు తెలియదా? కందిబద్దంత చిన్నవి నాలుగు తీసుకుని, రెండు కొసరు వేయించుకుని, ఇంటిదాకా నాలో నేను నవ్వుకుంటూ వచ్చాను.

“నాన్నా, చిప్పు అని చెప్పిన గదా!” అని విసుక్కుంటూనే అమ్మాయి వాటిని అతికించింది. రైలు హుందాగా కదిలింది. నేను మీసం దువ్వాను. చివరికి చేరి, వెనక్కి రాబోయింది. ఉరుకుతున్న మోటారును ఉన్నపళంగా ఎదురు తిప్పితే మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుందట. చిటుక్కుమంది. ట్రాన్సిస్టర్లలోంచి సన్నని పొగ. రైలు అక్కడే నిలిచిపోయింది.

“ఏమండీ, వెళ్ళి వస్తుందని కదా నేను చెప్పాను. వెళ్ళడం వరకే బేరం చేశారా?” అంది మా ఆవిడ.

“కొసరువి రెండున్నయ్ గదా!” అన్నాను.

“అవి సుత గిట్లనే కాల్తయ్ నాన్నా,” అంది అమ్మాయి.

రెండున్నరకు మళ్ళీ ఆ కొట్టు ముందున్నాను. పెద్దాయన ఏమీ అడగకుండా అదే బోర్డు అదే చోట పెట్టాడు.

“ఏమన్నా, కాజీపేట దాటిందా?”

చెప్పిన ధర ఇచ్చేశాను. అయినా అలవాటు ఊరుకుంటుందా? “కొసరు?” అని నోరు జారాను.

“పొద్దుగాల సలహా ఇచ్చిన గద, గదే కొసరు. నువ్వే తీస్కోలే.”

అయిదింటికి రైలు వెళ్ళింది, వచ్చింది. పేరంటాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇంతలో ఒకావిడ వంగి, కొలువులో కొట్టు పెట్టుకుని కూర్చున్న దంపతుల బొమ్మల కేసి చూసింది. వాళ్ళ ముందు బియ్యం కుప్ప, పప్పు కుప్ప, వాటి పక్కన నా ట్రాన్సిస్టర్లు ఆరూ.

“ఇదేం సరుకండీ?”

“మావారు తెచ్చిందండీ. నాలుగు తీసుకుంటే రెండు కొసరు,” అంది మా ఆవిడ.

ఎవరూ బేరం కూడా ఆడలేదు.