గొట్టానికి అవతలి కొస

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి: భౌతికశాస్త్రం అబద్ధం చెప్పదు, మా పెదనాన్న నిజం ఒప్పుకోరు. మొదటిది అప్పుడే పూర్తయిన బీఎస్సీ ఇచ్చింది, రెండోది మా ప్రహరీగోడ ఇచ్చింది. కొవ్వూరులో మా ఇంటికి తూర్పున ఆయన ఇల్లు; మధ్య నడుమెత్తు గోడ, దాని అడుగున చిన్న తూము. వాన పడితే చాలు, ఆ తూములోంచి నీళ్ళు మా దొడ్లోకొచ్చి, వంటింటి గడప దాటి, గ్యాసు సిలిండరు చుట్టూ తిరిగేవి. అమ్మ కుచ్చిళ్ళు దోపుకుని, ఒక చేత్తో రేకు డబ్బాతో నీళ్ళు తోడుతూ, రెండో చేత్తో పప్పుకి తాలింపు పెట్టేది. ఆ ఏడాది వానలు మొదలయ్యేలోగా వంటిల్లు బాగు చేయించాలని నాన్న మేస్త్రిని పిలిచారు.

"కొత్త గచ్చు వేస్తే సరిపోదు, ముందు ఎవరి దొడ్డి మెరకో తేల్చండి" అన్నాను. వెంటనే గోడ మీంచి పెదనాన్న తల లేచింది. "తేల్చడానికేముందే? మాదే పల్లం. మీ నీళ్ళే మా మీదికొస్తున్నాయి." (ఏటా వానల ముందు పెద్దమ్మ పూలమొక్కలకని ట్రాక్టరు మట్టి తోలించేది ఆయనే.) అన్నగారి మాటకి ఎదురు చెప్పడం నాన్న ఎరగరు. మేస్త్రి వైపు చూస్తే, "నేను రెండిళ్ళలోనూ కాఫీ తాగేవాణ్ణండి, నన్ను లాగకండి అమ్మాయిగారూ" అని నేల వాటం చూసే తన రసమట్టం సంచిలో దాచేసుకున్నాడు. ఇక లాభం లేదని, వంతెన దాటి రాజమండ్రి వెళ్ళి నా పనిముట్లు నేనే కొనుక్కోవాలని తీర్మానించుకున్నాను.

"నాన్నగారిని పంపించండమ్మా" అన్నాడు అక్కడి ఇనప సామాన్ల కొట్టాయన. "ఆయనొస్తే మీరేమిస్తే అది పట్టుకెళ్తారండి, అందుకే నేనొచ్చాను" అన్నాను. ఆయన ఇచ్చిన రసమట్టాన్ని బల్లమీద పెట్టి, బుడగ ఎక్కడుందో చూసి, అదే చోట కుడి కొస ఎడమకి వచ్చేలా తిప్పిపెట్టాను. బుడగ పక్కకి పోయింది. "ఇది తప్పండి. బల్ల వంకరగా ఉన్నా సరే, మంచిదైతే తిప్పినా బుడగ ఒక్కచోటే నిలవాలి." ఇంకోటి తీశాడు, అదీ అంతే. అరలోవన్నీ బల్ల మీదికి దిగాక, అట్టడుగున దుమ్ముకొట్టుకున్న ఇత్తడిది ఒకటి నిజం చెప్పింది. "మీకు కాబోయే ఆయన అదృష్టవంతుడండి" అన్నాడు, ఎవరి మీదో జాలిపడుతున్నట్టు. మూరెడు రసమట్టం గచ్చుకి పనికొస్తుంది గానీ గోడ అవతలికి చూడలేదు కనక, లోపలి నీళ్ళు కనిపించే పొడవాటి ప్లాస్టిక్ గొట్టం, ఒక టేపూ కూడా తీసుకున్నాను.

మర్నాడు గొట్టం నిండా నీళ్ళు పోసి గోడ మీంచి వేశాం. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి; అక్కణ్ణించి నేలదాకా కొలిస్తే, కొలత ఎటు తక్కువొస్తే అటు మెరక. అవతలి కొస ఇంకొకరిని పట్టుకోనివ్వలేదు పెదనాన్న. కొలిస్తే ఆయన దొడ్డే బెత్తెడు మెరక! "నీ గొట్టం కూడా మీ నాన్న పక్షమే" అన్నారు. "అయితే కొసలు మార్చుకుందాం రండి." మార్చుకున్నా అదే బెత్తెడు. క్షమాపణ కోసం నేను ఎదురుచూస్తుంటే ఆయన మొహం పాలిపోయింది. "అంటే... తూర్పు మెరకా?" (పక్కింటితో పోల్చినా సరే, తూర్పు పల్లం, పడమర మెరక ఉండాలని మా వైపు వాస్తు.) వెనకనుంచి పెద్దమ్మ అందుకుంది: "నా మోకాళ్ళనొప్పులు ఊరికే వచ్చాయనుకున్నారా?"

తెల్లారేసరికి అటు పలుగు చప్పుడు. "బెత్తెడు చాలు పెదనాన్నా!" అని గోడ మీంచి అరిచాను. "నువ్వూరుకో, వాస్తుకి కాస్త ఎక్కువే ఉండాలి" అని మూరెడు తవ్వించారు. మొదటి వానకి మా వంటిల్లు ఎండుగా ఉంది. అమ్మ గడపలో నిలబడి, పొడి నేలని కాలి బొటనవేలితో తడిమి చూసుకుంది. అంతలో, "ఏమే బీఎస్సీ! నీ గొట్టం పట్టుకు రా!" అని పెద్దమ్మ కేక. రెండు దొడ్ల నీళ్ళూ ఆవిడ దొడ్లో పొయ్యి కిందికి చేరాయి. చివరికి ఆ గొట్టం ఒక కొస నేనూ, ఒక కొస పెదనాన్నా పట్టుకుని, వీధి కాలవ దాకా వాటం చూసుకుంటూ, అడుగడుక్కీ పోట్లాడుకుంటూ రెండిళ్ళకీ ఒకటే కాలవ తీయించాం.

మొన్న మా రాజమండ్రి ఇంటి డాబా మీద గచ్చుకి ఇంజనీరు లేజరు మట్టం తెచ్చాడు. "తిప్పి చూపించండి" అన్నాను. పాపం, చూపించాడు. ఎర్రగీత గోడలన్నిటి మీదా కదలకుండా నిలిచింది. తప్పు పట్టడానికేమీ లేదు. "దీనికి అవతల పట్టుకోడానికి ఇంకో మనిషి కూడా అక్కర్లేదండి" అన్నాడు గర్వంగా. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. నేను లోపలికెళ్ళి, అటకమీంచి ఆ గొట్టం దింపి, ఇంజనీరు చేతిలో ఒక కొస పెట్టి, "అటెళ్ళి నిలబడండి. నేనేం చెప్పినా కాదనండి" అన్నాను.