బయటికి తిరిగి ఆడిన థింసా

ఆశ్రమ పాఠశాలలో నాకు లెక్కలు బాగా వచ్చేవి. ఆ సంగతి మా లెక్కల మాస్టారికి తప్ప ఎవరికీ పట్టలేదు. మైదాన ప్రాంతం నుంచి ఏ అధికారి వచ్చినా వార్డెన్ మేడం నన్ను పిలిచి, మోకాళ్ల దాకా చీర కట్టించి, కొప్పులో పూలు పెట్టించి థింసా ఆడమనేది. "మా కొండపిల్లండీ! ఆట దీని ఒంట్లోనే ఉంది," అని వాళ్లకు చెప్పేది. వాళ్లు చప్పట్లు కొట్టేవారు. వినగా వినగా నేనూ నమ్మాను. నీకేం బాగా వచ్చని ఎవరైనా అడిగితే లెక్కలని చెప్పడం మానేశాను. డాన్స్ అనేదాన్ని.

పదో తరగతి సెలవుల్లో మా ఊళ్లో పండగొచ్చింది. ఆడవాళ్లంతా ఒకరి నడుం ఒకరు పట్టుకుని గుండ్రంగా ఆడుతుంటే, గొప్పగా వెళ్లి మధ్యలో దూరాను. నాలుగడుగులు పడ్డాయో లేదో మా మేనత్త భుజం పట్టి గుంజింది.

"ఏటే గుంటా, మొకం అటెట్టి ఆడతన్నావు? అక్కడెవులున్నారు?"

అందరూ లోపలికి తిరిగి ఉన్నారు. నేనొక్కదాన్నే బయటికి తిరిగి, ఎవరూ లేని చోడిచేను వైపు చూసి నవ్వుతున్నాను. వాళ్లు పడీపడీ నవ్వారు. ఆ నవ్వులో విషం లేదు. నాకే ఏడుపొచ్చింది. ఒంట్లో ఉందన్న ఆట మా ఊరిది కానే కాదు.

తర్వాత పట్టుబట్టి లెక్కలే చదివాను. ఇప్పుడు అరకులో ఒక కాలేజీలో అవే చెబుతున్నాను. నిరుడు ఎవరో పెద్దలు వస్తున్నారని ప్రిన్సిపాల్ స్టాఫ్‌రూమ్‌కి వచ్చారు.

"పిల్లలతో పాటు మీరూ థింసా ఆడితే నిండుగా ఉంటుంది మేడం."

"నేను ఆడను సార్."

"అదేంటి? మీవాళ్లకు పుట్టుకతోనే వస్తుంది కదా!"

"నాకు రాలేదు సార్. స్కూల్లో నేర్పించారు."

ఆయన మొహం మాడ్చుకుని వెళ్లిపోయారు. "చదువుకున్నాక ఈవిడకి పొగరెక్కింది," అని వరండాలో ఎవరితోనో అనడం నాకు వినబడింది.

ఆ మాట నన్ను వదల్లేదు. పాఠం చెబుతున్నా, జీపులో వస్తున్నా, నిజంగానే పొగరెక్కిందా అని తవ్వుకుంటూనే ఉన్నాను. ఈ వయసులో కూడా నేనెలాంటిదాన్నో ఇంకొకరు చెప్పాలి. నేను వినాలి.

ఇంటికెళ్లి మా ఆయన్ని అడిగాను. "నాకు పొగరెక్కిందంటావా?"

ఆయన మిరియాలు చెరుగుతూ తలెత్తలేదు. "ఎక్కితే బాగున్నే," అన్నాడు.

ఆ పెద్దలు వచ్చిన రోజు మా ల్యాబ్‌లో పనిచేసే, మైదాన ప్రాంతం నుంచి వచ్చిన ఒకామెకు చీర కట్టించి స్టేజీ ఎక్కించారు. చప్పట్లు బాగానే పడ్డాయి.