ఓబన్న రాళ్లు, నా లైటు

పదహారేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే దిగులుతో అన్నం మానేశానని కాదు. బాగానే తిన్నాను. పెళ్లిళ్లకు పోయాను, నవ్వాను, అంగడిని పెద్దది చేసుకున్నాను. కానీ ఎవరైనా నన్ను మంచివాడన్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ఆ అబద్ధం ఒక్క వాక్యమే. చెప్పడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు. వెనక్కు తీసుకోవడానికి ఇన్నేళ్లూ చాల్లేదు.

ఇందులో పేర్లు మార్చాను. నా పేరు రాయను. అంత ధైర్యమే ఉంటే సంగతి ఇంతదాకా వచ్చేదే కాదు.

వేంపల్లెలో నాది మోటారుసైకిళ్ల కరెంటు పని చేసే అంగడి. హారను, బ్యాటరీ, వైరింగు, లైటు. రెండు వేల ఎనిమిది ప్రాంతంలో బండ్ల హెడ్‌లైట్లు ఎట్లా ఉండేవో మీకు గుర్తుందా? యాక్సిలరేటరు తిప్పితే వెలిగేవి, తగ్గిస్తే కిరసనాయిలు బుడ్డి అయ్యేవి. గుంత వచ్చిందని నెమ్మదిస్తే, సరిగ్గా ఆ గుంత దగ్గరే వెలుతురు చచ్చేది. చైనా ఎమర్జెన్సీ లైట్లలో ఎల్‌ఈడీలు రావడం అప్పుడప్పుడే మొదలైంది. ఒకదాన్ని విప్పి చూశాక నాకు పిచ్చి పట్టింది. దీన్ని బండికి పెడితే? బెంగుళూరు పోయి, ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే సందుల్లో రెండు రోజులు తిరిగి, శనగబద్దంత ఉండే తెల్ల ఎల్‌ఈడీలు, వాటి ముందు బిగించే చిన్న అద్దాలు, కరెంటును అదుపులో పెట్టే మూడు కాళ్ల రెగ్యులేటర్లు కొనుక్కొచ్చాను. మా ఊళ్లో నాకంటే ముందు ఎవడూ ఇది చేయకూడదు. అదీ అప్పటి నా కొవ్వు.

మొదటి లైటు సుబ్బరాయుడికి చేశాను. అతను చీరలు నేసేవాడు, నా స్నేహితుడు. రాయచోటి దారిలో వాళ్ల ఊరు. వారానికొకసారి నేసిన చీరలు మూటకట్టి తెచ్చి వేంపల్లెలో శెట్టికి ఇచ్చి, నూలు తీసుకుని, పొద్దు గూకినాక ఇంటికి పోయేవాడు. వచ్చినప్పుడల్లా నా దగ్గర ఒకటే మొర. "ఈ లైటుతో గుడ్డోని మాదిరి పోతాండానప్పా, ఏమన్నా చెయ్యి." చేస్తాను చూడు, ఊరంతా నీ బండినే చూస్తుంది అన్నాను.

ఆరు ఎల్‌ఈడీలను రేకు మీద బిగించాను. రెగ్యులేటరు బాగా వేడెక్కుతుంది, ఆ వేడిని లాగేయడానికి దాని వెనక మందపాటి అల్యూమినియం ముక్క పెట్టాలి. తగిన ముక్క చేతికి దొరకలేదు. వేలెడంత రేకు పెట్టి సరిపెట్టాను. దుమ్ము పోకూడదని డబ్బా అంచులన్నీ గమ్ముతో మూసేశాను. బ్యాటరీకి కలిపి బల్ల మీద వెలిగించాను. అబ్బ! ఎదురు గోడ మీద ఎండ పడినట్టు పడింది. ఇరవై నిమిషాలకు ఆరిపోయింది.

పావు నిమిషం తర్వాత దానంతట అదే మళ్లీ వెలిగింది. ఆ రెగ్యులేటరు గుణమే అంత. మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, చల్లబడితే మళ్లీ పనిలోకి దిగుతుంది. ఇది నాకు తెలుసు. తెలియక చేశానని మాత్రం మీరు అనుకోకండి. చలికాలమే కదా, బండి పరిగెత్తుతుంటే గాలి తగుల్తుంది, ఏం కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. గాలి ఎక్కడి నుంచి తగుల్తుంది? డబ్బాను మూసింది నేనే కదా? ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదా, తట్టినా పక్కకు తోసేశానా? ఎన్నిసార్లు ఆలోచించినా తోసేశాననే తేలుతుంది. అంగడి ముందు సుబ్బరాయుడు నిలబడి ఉన్నాడు. చుట్టూ నలుగురు చేరి లైటును మెచ్చుకుంటున్నారు. "ఇంకో రెండు రోజులు ఆగు, దీంట్లో లోపముంది" అని ఆ నలుగురి ముందు అనడానికి నా నోరు రాలేదు. బిగించి ఇచ్చాను.

ఆ సాయంత్రమే పడిపోయాడు.

మా వైపు రైతులు కోసిన ఉలవ కట్టెను తారురోడ్డు మీద పరుస్తారు. పగలంతా బస్సులూ లారీలూ దాని మీద తొక్కుకుంటూ పోతాయి, కాయలు పగిలి గింజలు రాలతాయి. పొద్దు గూకేసరికి అంతా రోడ్డు వారకు కుప్ప చేసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్లటి రోడ్డు మీద ఆ రాళ్లు చీకట్లో ఎవరికీ కనపడవు. ఓబన్న రాళ్లు మాత్రం కనపడేవి. ఓబన్న సుబ్బరాయుడి ఊరికి ఇవతల పల్లెలో రెండెకరాల మెట్ట రైతు. అప్పటికే అరవై ఏళ్ల మనిషి. వచ్చేపోయేవాళ్లకు తెలియాలని ప్రతి రాయికీ సున్నం కొట్టేవాడు. జనం ఊరుకుంటారా? "ఏమి ఓబన్నా, రాళ్లకు పెండ్లి చేస్తాండావా?" అని ఆట పట్టించేవాళ్లు. ఆయన నవ్వి మళ్లీ కొట్టేవాడు.

సుబ్బరాయుడు ఆ రాళ్లకే గుద్దుకున్నాడు. కుడి మోకాలు నుజ్జయింది. తలకు దెబ్బ తగిలింది. వేంపల్లెలో టీ తాగి బండెక్కడం వరకే అతనికి గుర్తు, ఆ తర్వాత ఏమీ గుర్తులేదు. అతన్ని ఎత్తి ఆటోలో వేసింది ఓబన్నే.

మర్నాడు పొద్దున్నే బండిని ట్రాక్టరులో వేసుకొచ్చి నా అంగట్లో దించి పోయారు. ముందు చక్రం వంకర పోయింది. లైటు చెక్కు చెదరలేదు. దాన్ని వెలిగించి గడియారం చూస్తూ కూర్చున్నాను. దేవుడా, ఆరకూడదు, ఆరకూడదు. ఇరవై నిమిషాలకు ఆరిపోయింది. వేంపల్లె నుంచి ఓబన్న చేని దగ్గరికి బండి మీద దాదాపు అంతే సేపు. అప్పుడు వంగి చక్రం చూశాను. టైరుకూ రిమ్ముకూ అరచేయి వెడల్పున తెల్లగా సున్నం అంటుకుని ఉంది.

షట్టరు సగం దించాను. పాత యాంప్లిఫయరు ఒకటి మూలన పడి ఉండేది, దాని వెనక నుంచి మందపాటి అల్యూమినియం ముక్క విప్పాను. ముందురోజు దొరకని ముక్క ఆ రోజు వెతక్కుండానే దొరికింది. రెగ్యులేటరును దానికి బిగించాను. అరగంట పని కూడా కాదు. తర్వాత కిరసనాయిల్లో గుడ్డ ముంచి చక్రాన్ని తుడిచాను. మొదటిది పనివాడు తన తప్పు దిద్దుకోవడం అనుకోవచ్చు. రెండోదాన్ని ఏమనాలి? తొందరలో తుడిచానా అని మీరు అడగొచ్చు. లేదు. చాలా శుభ్రంగా తుడిచాను.

మధ్యాహ్నానికి రెండు ఊళ్ల పెద్దమనుషులూ వచ్చారు. వాళ్ల వెనక ఓబన్న. రాత్రే సుబ్బరాయుడి ఊరివాళ్లు కోపంతో ఆ రాళ్లను ఎత్తి నీళ్లు పారే వంకలో పడేశారు. సున్నం కొట్టిన రాళ్లని ఓబన్న, ఈసారి కొట్టలేదని వాళ్లు. చూపించడానికి రాయి లేదు. లైటు వెలిగించి చూపించమన్నారు. చూపించాను. మాటల్లో గంట గడిచింది, అది రెప్ప కూడా కొట్టలేదు. నోళ్లు తెరుచుకుని చూశారు. అప్పుడు ఓబన్న నా దగ్గరికి వచ్చాడు. ఆయన ముఖంలో ఆశ ఉంది. నేనే తన సాక్షినని అనుకున్నాడు.

"అప్పా, నువ్వు లైట్ల పని తెలిసినోడివి. నువ్వే చెప్పు. ఇంత వెలుతుర్లో సున్నం కొట్టిన రాయి కనపడదా?"

"సున్నం కొట్టింటే కనపడుండేది, ఓబన్నా" అన్నాను.

ఆయనకు ముందు అర్థం కాలేదు. తర్వాత చేతులు రెండూ చాపాడు.

"కొట్టినా కదప్పా! చూడు, గోళ్లల్లో ఇంకా ఉండాది."

"ఆకూవక్కా ఏసుకునేవాని గోళ్లల్లో సున్నం ఉండకుండా యాడికి పోతాదిలే" అన్నాడు పెద్దమనుషుల్లో ఒకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది రాయకుండా దాటేద్దామనుకున్నాను, కానీ నవ్వాను.

ఓబన్నది అబద్ధమని తేల్చి లేచిపోయారు. అక్కడితో పోలేదు. ఆయనకు సున్నమోబన్న అని పేరు పడింది. ఎవడైనా ఒట్టు పెట్టబోతే "సున్నమోబన్న ఒట్టా?" అని అడిగేవాళ్లు. చిన్నపిల్లలు కూడా. ఆయన మళ్లీ రోడ్డు మీద ఉలవలు పరచలేదు. తన చేన్లోనే భార్యతో కలిసి కట్టెలతో కొట్టుకునేవాడు.

సుబ్బరాయుడి కాలు మళ్లీ వంగలేదు. గుంత మగ్గంలో కూర్చున్నవాడు రెండు కాళ్లతో తొక్కాలి. ఇప్పుడు మగ్గం మీద అతని భార్య కూర్చుంటుంది, అతను పక్కన నూలును కండెలకు చుడతాడు. అంతటి నేతగాడు! వేంపల్లె వచ్చినప్పుడల్లా నా అంగట్లోనే కూర్చుంటాడు. టీ తెప్పిస్తాను. "ఆ ముసలోడు నా కాలు తినేసినాడప్పా" అంటాడు. నేను తలూపుతాను. ఎన్నిసార్లు ఊపానో! నా లైటును అందరికీ మెచ్చుకుని చెప్పింది కూడా అతనే. అతని మాట విని వచ్చినవాళ్లకు ఎన్నో లైట్లు చేశాను. ఒక్కదానికి కూడా మందపాటి ముక్క మరిచిపోలేదు.

ఎందుకు చెప్పలేదు? జైలుకు పంపుతారనా? కాదు. అంగడికి చెడ్డపేరు వస్తుందని. వాడు కట్టిన లైటు దారిలో ఆరిపోతుందట అంటారని. ఒక మనిషి కాలు, ఇంకొక మనిషి మాట, ఈ రెండింటికంటే నా పనితనం నాకు ఎక్కువైంది. మొదటి వారం చెప్పి ఉంటే తిట్లతో పోయేది. మొదటి ఏడాది చెప్పి ఉంటే చెప్పుదెబ్బలతో పోయేది. ఆలస్యమైన కొద్దీ, చెప్పకపోవడమే అసలు తప్పు అయి కూర్చుంది.

పోయిన ఏడాది ఓబన్న అంగడికి వచ్చాడు, టార్చిలైటు బాగు చేయించుకోవడానికి. బాగా వంగిపోయాడు. నేను టార్చి విప్పుతుంటే బెంచీ మీద కూర్చుని నెమ్మదిగా అన్నాడు.

"అప్పా, నిన్ను ఒకటి అడగాల. ఆ పొద్దు నేను సున్నం కొట్టినానంటావా, లేదంటావా? అందరూ లేదంటాండారు. శానా దినాల నుంచి నాకే తెలియకుండా ఉండాది. నువ్వు బండి చూసినోడివి కదా."

ఆయన వెటకారం చేయలేదు. నన్ను అనుమానించలేదు. నిజంగానే అడిగాడు. నా ఒక్క వాక్యం ఊరివాళ్ల నోళ్లలో తిరిగి తిరిగి, చివరికి ఆయన చేసిన పనిని ఆయనకే అబద్ధం చేసింది. అంగట్లో మేమిద్దరమే ఉన్నాం. ఇంతకంటే మంచి సమయం ఏ దేవుడిస్తాడు? నేను టార్చి స్విచ్చు సరిచేసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఒకసారి వెలిగించి చూసుకుని, లేచి వెళ్లిపోయాడు. ఈ ఉగాదికి ముందు చనిపోయాడు.

సుబ్బరాయుడికి ఇంకా చెప్పలేదు. చెప్పాలి. ముందు మీకు చెప్పడం ఎందుకంటే, మీ ముఖం నాకు కనపడదు. ఇదీ పిరికితనమే, తెలుసు. క్షమించమని అడగడం లేదు, ఆ పని మీది కాదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. అది నాకు దక్కాల్సింది కాదేమో, అయినా ఆడుతోంది.

ఆ రోజు బెంచీ మీద కూర్చుని ఆయన అడిగినదానికి ఇవ్వని జవాబు ఇక్కడ రాస్తున్నాను. కొట్టినావు ఓబన్నా. నీ రాళ్లు తెల్లగానే ఉండినాయి. ఆరిపోయింది నా లైటు.