ఒక్క కిక్కు మాస్టారు

టైపు మాస్టారు అబద్ధం ఆడే మనిషి కాదు. ఆ మాట స్వయంగా ఆయనే చెప్పేవారు కాబట్టి ఊరు నమ్మక తప్పలేదు.

ఉద్యోగం చెయ్యాలనుకునే పిల్లలందరికీ టైపు వచ్చి తీరాలనే రోజుల్లో, బజారు మధ్యన ఒక మేడ మీద గదిలో ఆయన ఇన్‌స్టిట్యూటు నడిపేవారు. కిటికీలు తెరిస్తే కింద నడిచేవాళ్ళకి వడగళ్ళ వాన పడుతున్నట్టు వినపడేది. కంప్యూటర్లు వచ్చాక ఆ వాన వెలిసింది. "ఇది నాలుగు రోజుల ముచ్చట. మళ్ళీ నా దగ్గరికే వస్తారు, చూడండి" అంటూ ఆయన ఖాళీ గదిలో మిషన్లకి నూనె రాస్తూ చాలాకాలం కూర్చున్నారు. ఎవరూ రాలేదు. చివరికి మిషన్లన్నీ పాత ఇనుము కొట్టుకి వెళ్ళిపోయాయి. ఒక్కటి మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. దాని మీద ఆయన భార్య తువాళ్ళు ఆరేసేది.

లోకం వదిలేసిన యంత్రాల మీద ఆయనకి అంత ప్రేమ. ఆ ప్రేమలో సింహభాగం ఆయన మోటారు సైకిలుది.

రెండు సైలెన్సర్లు, గుండ్రటి పెట్రోలు టాంకు, కిక్కుకీ గేరుకీ కలిపి ఒకటే కడ్డీ. చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. మామూలు బళ్ళు తన్నులు తిని ఊరుకుంటాయి. ఇది తిరిగి తన్నేది. కిక్కు కొట్టగానే ఇంజను అందుకోకపోతే కడ్డీ వెనక్కి ఎగిరి పిక్క మీద కొట్టేది. ఆ బండి ఉన్నవాళ్ళని వాళ్ళ పిక్కలు చూసి పోల్చుకోవచ్చు. బయల్దేరితే చాలు, వీధంతా దోమల మందు కొట్టినట్టు పొగ.

ఊరు మొత్తం మీద అలాంటివి మూడే మిగిలాయి. రెండోది పళ్ళ డాక్టరుగారిది. మూడోది కోర్టు అమీనాది. సమన్లు అందించడం అమీనా ఉద్యోగం. అతని బండి చప్పుడు రెండు వీధుల అవతలే వినపడేది గనక, అతను గుమ్మం ముందు ఆగేసరికి ఆ ఇంటి యజమాని పెరటి గోడ దూకి వెళ్ళిపోయి ఉండేవాడు. అతని పుణ్యమా అని సమన్లు తప్పించుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. అతను ఎదురుపడితే ఇప్పటికీ చేతులెత్తి నమస్కారం పెడతారు.

ముగ్గురికీ స్నేహం ఎలా కుదిరిందంటే, కార్బురేటరు గురించి గంటసేపు చెబితే వినేవాళ్ళు ఇంకెవరూ లేక కుదిరింది. ప్రతి ఆదివారం పొద్దున్నే నీళ్ళ టాంకు పక్కన దిబ్బ మీదున్న టీ కొట్టు దగ్గర కలిసేవాళ్ళు. ఊళ్ళో అంతకన్నా మంచి టీ దొరికే చోట్లు ఉన్నాయి. "ఇక్కడ గాలి బాగుంటుంది" అనేవారు డాక్టరు. "అవునవును, గాలి" అనేవాళ్ళు మిగతా ఇద్దరూ. నిజానికి దిబ్బ మీంచి కిందికి మంచి పల్లం. బండెక్కి గేరులో వేసి జారితే చాలు, కిక్కుతో పని లేకుండా ఇంజను అందుకుంటుంది. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ గాలినే పొగిడేవాళ్ళు.

"ఇవాళ ఎన్ని కిక్కులు పట్టింది మాస్టారూ?" అని అడిగేవాడు అమీనా.

"ఒక్కటే. చెయ్యెత్తు మనిషిని, అబద్ధం ఎందుకాడతాను? మీకో?"

"నాకూ ఒక్కటే."

"నేను కాలు ఇలా ఆనించానో లేదో అందుకుంది" అనేవారు డాక్టరు. పళ్ళు పీకేటప్పుడు కూడా ఆయన ఇలాగే, నొప్పేమీ ఉండదనే చెప్పేవారు.

మాస్టారి మోకాలు చెడిపోయి అప్పటికి కొన్నేళ్ళయింది. మెట్లెక్కాలన్నా గోడ పట్టుకోవాలి. కాళ్ళ డాక్టరు ఎక్సురే దీపానికి ఎదురుగా పెట్టి చూసి, "ఈ కాలితో దేన్నీ తన్నకండి, కనీసం కోపమొచ్చినా" అన్నాడు. ఆ సాయంత్రమే మాస్టారు వంటింటి గుమ్మంలో నిలబడి భార్యతో, "ఇదిగో, నీతో చిన్న పని పడింది" అన్నారు.

ఆవిడ స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. భుజబలం ఉంది. గొంతు అంతకన్నా ఉంది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం తెల్లారేసరికి ఇంటి వెనక సందులో ఈ తతంగం మొదలయ్యేది. మాస్టారు హెల్మెట్టు పెట్టుకుని, క్లచ్చు పట్టుకుని దర్జాగా కూర్చునేవారు. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎగదోపి, వెనక సీటు పట్టుకుని తోసేది. సందు చివర చెత్తకుండీ దాకా వచ్చేసరికి ఇంజను దగ్గి, తుమ్మి, అందుకునేది. పొగంతా ఆవిడ మొహం మీదికి. మాస్టారు వెనక్కి తిరిగి చూడకుండా చెయ్యి ఊపేవారు. తిరిగి చూస్తే బండి ఒరుగుతుందని ఆయన భయం.

"ఎవరితోనూ అనకు. ఇంటి గుట్టు" అని మాత్రం మరీ మరీ చెప్పారు.

ఆవిడ అనలేదు. బండి కదిలితే మధ్యాహ్నం దాకా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. దానికోసం రోడ్డు రోలరునైనా తోసేదే.

ఆ ప్రశాంతతకి ఆవిడ భుజం మూల్యం చెల్లించింది. ఎడమ చెయ్యి పైకి లేవడం మానేసింది. వ్యాయామం చేయించే క్లినిక్కుకి పంపించారు. అక్కడ గోడకి కప్పీ, కప్పీకి తాడు. రెండు చేతుల్తో మార్చి మార్చి లాగాలి. పక్క కుర్చీలో ఇంకో ఆవిడ అలాంటి తాడే లాగుతోంది. చూస్తే పళ్ళ డాక్టరు భార్య.

"ఏం చేస్తే వచ్చింది వదినా?" అంది టీచరమ్మ.

"బరువు తోసి."

"ఏం బరువు?"

డాక్టరు భార్య అటూ ఇటూ చూసింది. "ఇంట్లో ఏదో ఇనప సామాను."

"రెండు సైలెన్సర్లుంటాయా ఆ సామానుకి?"

తాళ్ళు రెండూ ఆగిపోయాయి. తర్వాత ఆ గదిలో లేచిన నవ్వుకి, నడుముకి కరెంటు పెట్టించుకుంటున్న ముసలాయన ఒకడు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడట. ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి అమీనా ఇంటికి వెళ్ళారు. అమీనా భార్య పుల్లలా ఉంటుంది. బట్టలు కుడుతుంది. వీళ్ళు అడగ్గానే కుట్టు మిషను ఆపి, "నా వల్ల ఎక్కడవుతుంది వదినా? మా వీధి ఇస్త్రీ ఆయన ఓ చెయ్యేస్తాడు. పాపం, ఆయనకీ ఈ మధ్య నడుం పట్టేసింది" అంది.

ఇవన్నీ మాస్టారికి తెలిసింది చాలా తర్వాత. అప్పటికి ఆయన వేరే హడావిడిలో ఉన్నారు. ఇంజనీరింగు కాలేజీవాళ్ళు పాత వాహనాల ప్రదర్శన పెడుతూ ముగ్గురినీ పిలిచారు. బళ్ళు తామే లారీలో తీసుకెళ్తామన్నారు. "వయసైపోయిన బళ్ళు కదండీ, స్టార్టవుతాయా?" అని ఫోనులో ఎవరో అడిగితే డాక్టరుకి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఒక్క కిక్కు. ముగ్గురివీ ఒక్క కిక్కే" అనేశారు. వాళ్ళు దాన్నే కార్యక్రమంలో పెట్టేశారు. వేదిక ముందు, ప్రేక్షకుల మధ్య, ముగ్గురు మిత్రులూ ఏకకాలంలో ఒక్క కిక్కుతో బళ్ళు కదిలిస్తారు.

"ఎందుకన్నారండీ అలా?" అన్నాడు అమీనా, టీ చల్లారిపోతుంటే.

"అబద్ధమా ఏమిటి?" అన్నారు డాక్టరు.

అబద్ధమని ఎవరనగలరు? ఒకడు నోరు తెరిస్తే ముగ్గురి పళ్ళూ రాలతాయి.

ప్రదర్శన రోజు పొద్దున మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ భార్య చుట్టూ నాలుగు ప్రదక్షిణాలు చేశారు. "అక్కడ షెడ్ల వెనకాల కాస్త చాటు ఉంటుందట. మనం ముందే వెళ్ళి..."

"నేను తొయ్యను. చూడ్డానికి వస్తున్నాను" అంది ఆవిడ, తల దువ్వుకుంటూ. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని వెనక నుంచే చూశాను. ఒకసారి ముందు నుంచి చూడాలనుంది."

మైదానం అరచేతిలా చదునుగా ఉంది. పల్లమన్నది మచ్చుకైనా లేదు. ముందు వరసలో మూడు కుర్చీల్లో ముగ్గురు భార్యలూ పక్కపక్కన కూర్చుని సోడాలు తాగుతున్నారు. వీళ్ళకి ఒకరితో ఒకరికి ఇంత చనువెప్పుడు కుదిరిందా అని మాస్టారికి అనుమానం వచ్చింది. మైకు పట్టుకున్న లెక్చరరమ్మ, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టింది.

అమీనా తన్నాడు. బండి ఊఁ కూడా అనలేదు. డాక్టరు తన్నారు. కడ్డీ తిరిగి తన్నింది. జీవితమంతా ఎదుటివాళ్ళ నోట విన్న కేక మొదటిసారి ఆయన నోట వచ్చింది. మాస్టారు కాలెత్తారు. ఎత్తిన కాలు ఎత్తినట్టే మెల్లగా కిందికి దించారు.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళ స్నేహంలో మొట్టమొదటి నిజమైన మాట అమీనా నోట వచ్చింది. "తోద్దామా?"

"ముందు ఎవరిది?"

ప్రాణస్నేహితులు కదా, కాసేపు గుసగుసగా పోట్లాడుకున్నారు. "నాది తొయ్యండి. కదలగానే దిగొచ్చి మీకు సాయం చేస్తాను" అన్నారు డాక్టరు. నమ్మి, మాస్టారూ అమీనా ఆయన్ని తోశారు. ఆయన భారీ మనిషి. బండి అందుకునేసరికి వీళ్ళ ఊపిరి అందలేదు. డాక్టరు మైదానం చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

"దిగండి డాక్టరుగారూ!"

"ఆపితే ఆగిపోతుంది మాస్టారూ!" అంటూ ఆయన సాగిపోయారు.

ఇక మాస్టారు ఒక్కరే అమీనాని తోశారు. అతను తేలిక. బండి అందుకోగానే అతనూ డాక్టరు వెనకాల పొగలో కలిసిపోయాడు. వెళ్తూ వెళ్తూ కనీసం మొహమాటానికైనా వెనక్కి చూడలేదు. మైదానం మధ్యలో, మోకాలు పట్టుకుని, మాస్టారు ఒంటరిగా మిగిలారు. ఇద్దరు కుర్రాళ్ళు సాయానికి వస్తే, "చెయ్యి వెయ్యకండి, పెయింటు పోతుంది" అని కసిరారు. పరాయివాళ్ళ చేత తోయించుకుంటే పరువేం కాను?

"మాస్టారుగారూ, మరి మీ బండి?" అంది లెక్చరరమ్మ, మైకు అందిస్తూ.

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. ఆయన నవ్వు పులుముకుని, "మా ఆవిడ చాలా రోజులుగా ముచ్చట పడుతోందండీ, ఒక్కసారి నా బండి తోసి చూస్తానని. ఇవాళ ఆవిడ సరదా తీరుద్దామని ఆగాను" అన్నారు.

జనం చప్పట్లు కొట్టారు. డ్రిల్లు టీచరు సోడా సీసా పక్కావిడ చేతికిచ్చి, లేచి, నింపాదిగా నడిచొచ్చింది. లెక్చరరమ్మ మైకు ఆవిడ ముందు పెట్టింది. "ఎలా ఉందమ్మా? ముచ్చటగా ఉందా?"

"కొత్తేం కాదమ్మా. ప్రతి ఆదివారం తోసేదాన్నే" అంది ఆవిడ. "నేనే కాదు. ఆ తిరుగుతున్నారే, ఆ బళ్ళలో ఒకటి తోసేది అదిగో, ఆ కుర్చీలో ఆవిడ. రెండోది తోసేది వాళ్ళ వీధి ఇస్త్రీ ఆయన. మాకు భుజాలు, ఆయనకి నడుం పడిపోయాయి. ఇవాళ్టికి సెలవు."

ఆవిడకి నిజానికి మైకు అవసరం లేదు. మైకులో మాట్లాడేసరికి కాలేజీ గోడల అవతల కూడా వినపడింది. ముందు నవ్వింది విద్యార్థులు. తర్వాత ప్రిన్సిపాలు. చుట్టూ తిరుగుతున్న ఇద్దరికీ ప్రతి ముక్కా వినపడింది గానీ పారిపోయే దారి లేదు. గేటు దగ్గర జనం, ఆపితే ఇంజను చస్తుంది. అంతమంది నవ్వుల మధ్య ఇంకో రెండు చుట్లు తిరిగారు. డాక్టరు బండి సరిగ్గా ఆయన భార్య కుర్చీ ఎదుట ఆగిపోయింది. ఆవిడ ఆయనకేసి చూసి, మిగిలిన సోడా తాగేసింది.

చాలా వారాలు మాస్టారు గడప దాటలేదు. భార్యతో మాట్లాడటం మానేద్దామనుకున్నారు. కానీ కళ్ళజోడు ఎక్కడ పెట్టారో ఆవిడకే తెలుసు కాబట్టి ఆ పంతం పొద్దున పట్టింది సాయంత్రానికే వదిలింది. స్నేహితుల మీద కోపం మాత్రం పోలేదు. తనని ఎండలో వదిలేసి పోయారే! కానీ కోపం వెళ్ళగక్కడానికి కూడా ఆ ఇద్దరు తప్ప ఇంకెవరున్నారు? ఒక ఆదివారం, గోడలు పట్టుకుంటూ, నడిచే దిబ్బ ఎక్కారు. పైన ఇద్దరూ ముందే వచ్చి కూర్చున్నారు. వాళ్ళూ నడిచే వచ్చారు.

డాక్టరు ప్యాంటు కాలు పైకి లాగి, మోకాలికి బిగించిన పట్టీ చూపించారు. "ఆపరేషనన్నారు. చెయ్యించుకోలేదు."

"ఏం?"

"భయం" అన్నారు డాక్టరు. "సూదంటేనే భయం."

మాస్టారు తన మోకాలు చూపించారు. అమీనా మోకాళ్ళు రెండూ చూపించి, ఆ పైన తల పక్కకి తిప్పి, "ఈ చెవి అసలు వినపడదు. బండి చప్పుడుకి ఏనాడో పోయింది. మీరు ఇన్నాళ్ళూ చెప్పినదాంట్లో సగం నాకు తెలీదు" అన్నాడు.

మాస్టారికి మైదానంలో కూడా అంత బాధ కలగలేదు. "ఏ సగం?" అన్నారు.

"కార్బురేటరు సగం."

ఆ రోజు టీలు మూడుసార్లు తెప్పించుకున్నారు. ఏ నూనె రాస్తే వాపు తగ్గుతుంది, ఏ మాత్ర వేసుకుంటే కడుపు మండుతుంది, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కడ్డీ ఎంత ఎత్తులో బిగించాలి, ఈ మాటలతో ఎండెక్కింది కూడా తెలియలేదు. కిక్కు ఊసే రాలేదు.

బళ్ళు మాత్రం మానలేదు. మానితే మనుషులవుతారు గదా. ఇప్పుడు ఒకరు బండెక్కితే ఇద్దరు తోస్తారు, అది అందుకోగానే ఆ ఇద్దరిలో ఒకరు రెండో బండి ఎక్కితే మిగిలినాయన తోస్తారు. చివర తోసిన ఆ ఒక్కరి బండి ఇంట్లోనే. ఆయన వెనక సీటు ఎక్కాలి. ఎవరి బండి ఇంట్లో ఉండాలన్న తగాదా శనివారం ఫోనులో మొదలై ఆదివారం టీ దాకా నడుస్తుంది. తరచు ఓడిపోయేది మాస్టారే. అమీనా నడుం పట్టుకుని వెనక కూర్చుని, గేరు ఎప్పుడు మార్చాలో వినపడని చెవిలోకి అరుస్తూ పోతుంటారు.

ఆయన అటు మలుపు తిరగగానే డ్రిల్లు టీచరు గేటు గొళ్ళెం పెట్టి, లోపలికి వెళ్ళి, కాళ్ళు బారచాపుకుని పేపరు చదువుకుంటుంది.