రూతుకు వేయాల్సిన మట్టి

మా పటాలం కాకినాడలో దిగేసరికి వాన తెరిపిచ్చింది. తుఫాను వెళ్లిన మర్నాడది. లారీల్లో రబ్బరు పడవలు, తాళ్లు, బ్లీచింగ్ పౌడరు, డీజిలు డబ్బాలు ఉన్నాయి. ఆ డీజిలంతా పడవల కోసమే అనుకున్నాను. సెక్షన్‌లో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మాటలు తర్జుమా చేయడానికి సుబేదారు సాబ్ నన్ను తన పడవలో ఎక్కించుకున్నాడు. మేం చేరిన మూడో ఊరు మాదే.

చర్చి గోడలు నిలిచాయి, కప్పు లేదు. నాన్న ఆ చర్చికి ఉపదేశి. పాస్టరు గారు రాని ఆదివారాల్లో వాక్యం ఆయనే చెప్పేవారు. మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కన దుప్పటి కప్పిన శవం. కాళ్ల పట్టీలు చూసి మా చెల్లి రూతు అని పోల్చుకున్నాను. ఒంటి మీద యూనిఫాం ఉందని కూడా మరిచి ఏడ్చాను.

సాబ్ ఆర్డరు హిందీలో చదివాడు. దాన్ని నాన్నకు నేనే తెలుగులో చెప్పాలి. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

"శవాలన్నీ సాయంత్రానికి దహనం చెయ్యాలంట నాన్నా. రోగాలొస్తాయని."

"మనం మట్టి చేస్తాం కదరా. ఎవరి ఆర్డరు?"

"గవర్నమెంటుదండి."

మా భూస్థాపనలో పెట్టెను గోతిలోకి దించాక అయినవాళ్లు ఒక్కొక్కరే పిడికెడు మట్టి వేస్తారు. ముందు తండ్రి వేయాలి. చివరి దినాన ఆ మట్టిలోంచే లేస్తారని మా నమ్మకం.

సాబ్‌ను గంట గడువు అడిగాను, ఇచ్చాడు. మా పడవ నడిపిన డ్రైవరూ నేనూ సమాధుల దొడ్లో మెరక చూసి తవ్వాం. మోకాటి లోతు రాకముందే నీళ్లు ఊరాయి. తోడేకొద్దీ ఊరాయి. మాతో వచ్చిన సిగ్నల్‌మాన్ వైర్‌లెస్ సెట్ అందుకున్నాడు.

"గోతిలో నీళ్లు. పూడ్చినా తేలతాయి. ఓవర్."

"ఆర్డరు మారలేదు. ఓవర్."

వెళ్లి నాన్న ముందు నిలబడ్డాను. ఆయన నా భుజం మీది పట్టీ వంక చూశారు.

"అధికారులకు లోబడమని ఈ చర్చిలోనే నీకు నేర్పింది నేనే కదరా. నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి మాట మారుస్తానా? కానియ్యి. బూడిదలోంచైనా లేపుతాడు ఆయన."

పడిన కొబ్బరి మొద్దులు పేర్చి, ఊళ్లో పోయినవాళ్లందరితో పాటు రూతునూ పడుకోబెట్టాం. నాకు సర్కారు మీద కోపం వచ్చింది, దేవుడి మీదా వచ్చింది. చేతులు మాత్రం డీజిలు డబ్బా మూత తిప్పాయి.

డ్యూటీ ముగిశాక రాజమండ్రిలో రైలెక్కి పటాలంతో తిరిగి వెళ్లాను. ఇప్పుడు రిటైరై ఊళ్లోనే ఉంటున్నాను. బోర్డరు సంగతులు చెప్పమని పిల్లలు అడుగుతారు. నాకు కళ్లు మూస్తే బోర్డరు కనబడదు. నాన్న కనబడతారు. మేం సగం తవ్విన గోతిలోంచి పిడికెడు బురద తీసుకుని మంట దగ్గరికి వచ్చారు. సెగకు వెనక్కి తగ్గారు. మళ్లీ వచ్చారు, మళ్లీ తగ్గారు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతుంటే పిడికిలి నా వైపు చాపి అడిగారు.

"ఎక్కడ వెయ్యమంటావురా?"